అంచున ఉన్న మూడు గుంటలు

ల్యాబులో చిన్నా పెద్దా అందరూ ఆమెను పిన్ని అనేవారు. పందొమ్మిదేళ్లుగా ఆమె పని కణాల్ని పెంచడం. వేడి కాస్త ఎక్కువైనా, మేత కాస్త ఆలస్యమైనా అవి చచ్చిపోతాయి. "కొత్తల్లుడికైనా ఇన్ని అలకలుండవు" అని నవ్వేది.

ఆ ఏడాది పార్శ్వపు నొప్పికి కొత్త మందొకటి పరీక్షకు వచ్చింది. కణాల మీద సంకేతాలందుకునే ఒక రిసెప్టర్‌ను పట్టుకుని నొప్పి సంకేతాన్ని ఆపడం దాని పని. గుండెకు చేటు చేయదని తేల్చడానికి, ల్యాబులో పెంచిన గుండె కణాల మీద వేసి చూడాలి. ప్లాస్టిక్ పలకలోని బుల్లి గుంటల్లో ఆ కణాలు వాటంతటవే కొట్టుకుంటాయి. మందు వేసిన గంటకు పిన్ని మైక్రోస్కోపులో చూసింది. అన్నిటికన్నా ఎక్కువ మోతాదు పడిన, అంచున ఉన్న మూడు గుంటల్లో కణాలు తడబడుతున్నాయి. కొట్టుకుని, ఆగి, మళ్లీ కొట్టుకుంటున్నాయి.

"సార్, ఈ మూడూ ఒకసారి చూస్తారా?"

"అంచు గుంటలు ఎండిపోతుంటాయి కదా పిన్నీ, మామూలే. వాటిని వదిలేసి రాయండి" అన్నాడు పెద్దసారు.

నిజంగానే మామూలే. వదిలేసి రాసింది. సంతకం పెట్టింది.

ఎనిమిది నెలలకు ఆ మందును మనుషులకు ఇచ్చి చూడటం మొదలైంది. అయిదో వారంలో కబురొచ్చింది. మందు తీసుకుంటున్న స్కూలు బస్సు డ్రైవరొకడు బూట్లు తొడుక్కుంటూ కుప్పకూలి చనిపోయాడట. కారణం తేలలేదన్నారు.

పిన్నికి ఆ మూడు గుంటలే గుర్తొచ్చాయి. ఆదివారం మధ్యాహ్నాలు కునుకు తీస్తున్న భర్త గుండెల మీద చెయ్యేసి కూర్చునేది.

"ఏంటే, ఇంకా ఉన్నానులే!" అని అతను వేళాకోళమాడినా చెయ్యి తీసేది కాదు.

చివరికి, ఎవరికీ చెప్పకుండా, గడ్డకట్టించి దాచిన గుండె కణాల్ని కరిగించి పది రోజులు పెంచింది. ఈసారి అంచు గుంటల్లో నీళ్లు నింపి, అదే మోతాదు మందును నడిమి గుంటల్లో వేసింది. నడిమి కణాలూ తడబడ్డాయి. మర్నాడు పాత కాగితం, కొత్త కాగితం రెండూ పెద్దసారు బల్ల మీద పెట్టింది.

అతను రెండూ పక్కపక్కన పెట్టి చదివాడు. "ఇది పైకి పంపితే, మొదటి సంతకం ఎవరిదని అడుగుతారు పిన్నీ."

"అడగనివ్వండి సార్. నాదేగా."

పరీక్ష ఆగిపోయింది. ఆ మందు గుండె కణాల మీదున్న మరో రిసెప్టర్‌నూ పట్టుకుంటోందని తర్వాత తెలిసింది. డ్రైవరు ప్రాణం తీసింది అదేనని మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. కాదనీ చెప్పలేదు.

ఒక సాయంత్రం పిన్ని వెతుక్కుంటూ ఆ డ్రైవరు ఇంటిదాకా వెళ్లింది. అతని భార్య వరండాలో పిల్లల యూనిఫారాలు ఆరేస్తోంది.

"ఎవరు కావాలండీ?"

"ఇల్లు పొరబడ్డానమ్మా" అంది పిన్ని.

"దాహంగా ఉన్నట్టున్నారు, మంచినీళ్లిమ్మంటారా?"

ఆవిడ లోపలికెళ్లి గ్లాసుతో వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.