కోఆన్ చక్రవర్తి పల్లకీ

మసుయోగారికి ఉన్నది ఒకటే జబ్బు. ఊళ్ళో ఎవరు ఏ తప్పు చేసినా, దాన్ని వేల ఏళ్ళ నాటి చక్రవర్తుల నెత్తిన రుద్దేసేవారు.

కషిహరాలో ఊరంతా వచ్చి వేడినీళ్ళ స్నానం చేసే వీధి స్నానశాల ఆవిడదే. ఆడవాళ్ళ గదికీ మగవాళ్ళ గదికీ నడుమ ఎత్తుపీట మీద కూర్చుని ఇరువైపులా తీర్పులు చెప్పేవారు. పాత రాజచరిత్రలో ఎనిమిదిమంది చక్రవర్తులకు తండ్రి పేరు, భార్య పేరు, సమాధి ఉన్న చోటు తప్ప చేసిన ఘనకార్యం ఒక్కటీ లేదు. అసలు వాళ్ళు పుట్టనేలేదంటారు పండితులు. మసుయోగారికి కావలసిందీ అదే. ఖాళీ జాగా కనిపిస్తే ఊరుకునే మనిషి కాదావిడ.

"అన్నం మాడ్చావా? ఇతోకు చక్రవర్తి భార్య రోజూ మాడ్చేది. ఆయన కిక్కురుమనకుండా తినేవాడు."

"మీవాడు పరీక్ష తప్పాడా? అన్నెయ్ చక్రవర్తికి మీసాలొచ్చినా తన పేరు రాయడం రాలేదు."

కోడలు చిజుకో బడిలో చరిత్ర పంతులమ్మ. ఈ మాటలు చెవిన పడితే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

"అత్తయ్యా, మీ కబుర్లన్నీ పిల్లలు పరీక్షలో రాస్తున్నారు."

"మార్కులెయ్యి మరి."

ఆ ఏడు బస్సు డ్రైవరు ఇసోకిచి ఉద్యోగ విరమణ రోజున, చేతులూపుతున్న జనాన్ని చూసి తనూ చెయ్యూపుతూ, బస్సును తిన్నగా వరిపొలంలోకి దింపేశాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అతని పరువుకు తప్ప. ఆ తర్వాత అతను గడప దాటలేదు. స్నానశాలకు రావడమూ మానేశాడు.

ఎన్నడూ పీట దిగని మసుయోగారు ఆ రోజు కోడల్ని వెంటేసుకుని అతనింటికి నడిచారు.

"కోఆన్ చక్రవర్తి పట్టాభిషేకం నాడు పల్లకీతో సహా బురదలో పడ్డాడయ్యా."

ఇసోకిచి తలెత్తి చిజుకో వైపు చూశాడు. "నిజమేనా పంతులమ్మా? పుస్తకాల్లో ఉందా?"

చిజుకో అతన్ని పరకాయించి చూసింది. గడ్డం పెరిగి, కళ్ళు లోతుకుపోయి ఉన్నాడు మనిషి.

"పడలేదని ఎక్కడా రాసిలేదు," అంది.

తిరుగుదారిలో ఆగి అడిగింది: "అత్తయ్యా, ఆ రాజులు ఉన్నారని మీరు నిజంగా నమ్ముతారా?"

"ఉన్నారో లేదో నాకేం తెలుసే. ఇసోకిచి ఉన్నాడుగా. పద, నీళ్ళు చల్లారిపోతాయి."

ఆ సాయంత్రం మగవాళ్ళ గదిలోంచి ఇసోకిచి గొంతు వినిపించింది. "నడుందాకా బురదంట ఆ మహారాజుకి."

మసుయోగారు పీట మీంచి వంగి గంభీరంగా సరిదిద్దారు. "మోకాళ్ళ దాకానే. లేనిపోనివి కల్పించకు."