చీరల కింద దాచిన కౌలు కాగితం

మీ మామ్మ ప్రయాణం రాయవే చిన్నీ, ముందు టైము రాయి. ఉదయం ఏడుంపావుకి నరసాపురం రేవులో పంటు ఎక్కాను. టికెట్టు ఇరవై రూపాయలు. గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి ఆటోలో రాజోలు, అది దాటాక మా పొలం ఉన్న ఊరు.

తుపానుకి పడిపోయిన వరికి ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. ఆ జాబితాలో నా పేరు ఎక్కింది. పండించింది మా కౌలు రైతు సత్తిబాబు. తప్పుంటే ఈ సాయంత్రంలోగా చెప్పాలట. నిరుడు అతను కౌలు కార్డుకని నా సంతకం కోసం కాగితం తెచ్చాడు. సంతకం పెడితే పొలం పోతుందని ఎవరో అంటే భయపడి, బీరువాలో చీరల కింద పెట్టేశాను. ఆ కార్డు లేకే అతని పేరు రాలేదు.

పంటు మీద చేపల గంపతో ఉన్న ఒకావిడ పలకరించింది.

"ఎక్కడికండీ మామ్మగారూ, పెళ్లికా?"

"కాదమ్మా. పరిహారం లిస్టులో నా పేరు కొట్టించుకోడానికి."

"అయ్యబాబోయ్! ఎక్కించుకునేవాళ్లనే చూసేను గానీ..." అంటూ నా చెయ్యి పట్టుకు చూసింది, జ్వరమేమోనని.

ఎనిమిదిన్నరకి రాజోల్లో పెసరట్టు తిన్నాను. వెళ్లేవాళ్లు అల్లం పచ్చడి రెండోసారి అడిగి వేయించుకోండి. తొమ్మిదిన్నరకి ఊళ్లో రైతు సేవా కేంద్రం దగ్గర దిగాను. సత్తిబాబు, అతని భార్య మంగ గుమ్మంలోనే ఉన్నారు. సంచిలోంచి కాగితం తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది.

"పురుగు పట్టకుండా దాచేరండీ అమ్మగారు," అంది మంగ. నవ్వుతూనే అంది గానీ, నాకు తగిలింది.

"తప్పు నాదేనే," అన్నాను.

లోపల అధికారి చిన్నపిల్ల. నా పాసుపుస్తకం తిరగేసి, "పొలం మీదే కదండీ మామ్మగారూ. పంట మీది కాదని ఎలా నమ్మనండీ? ఏ విత్తనం వేసేరు?" అంది.

"నాకేం తెలుసమ్మా? బియ్యం వస్తే వండుకుంటాను."

క్యూలో వాళ్లంతా ఘొల్లుమన్నారు.

సత్తిబాబు "స్వర్ణండీ" అని మొదలెట్టి, నారు పోసిన రోజు, నాట్లు ఊడ్చిన రోజు, ఎరువు వేసిన రోజు, నీళ్లలో పడిన కంకులు మొలకెత్తిన రోజు, అన్నీ వరసగా చెప్పాడు. చివరికొచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి.

ఆ అమ్మాయి తెల్లకాగితం నా ముందుకి జరిపింది. పండించింది సత్తిబాబేనని రాసి సంతకం పెట్టాను. చీరల కింది కాగితం దగ్గర మాత్రం కలం ఆగింది.

"ఇది పెడితే పొలం పోదు కదమ్మా?"

"పోదండీ. పదకొండు నెలల కౌలుకేనండీ. హక్కు మీదే."

పెట్టేశాను. మంగ ఇంట్లో ఆనపకాయ పులుసుతో భోజనం చేసి, నాలుగున్నరకి తిరుగు పంటు ఎక్కాను. అదే చేపలావిడ, ఖాళీ గంపతో.

"కొట్టించేసేరా?"

"ఆయ్!" అన్నాను. అంతలో సత్తిబాబు ఫోను.

"కొత్త లిస్టు అంటించేరండీ అమ్మగారూ. పదకొండో నెంబరు నాదేనండీ. మంగకి రెండుసార్లు చదివి వినిపించేను."

డబ్బులు ఎప్పుడు పడతాయో ఇంకా తెలీదు. అయినా ప్రాణం తేలికపడింది. పావుగంటలో దాటే గోదావరి, నేను దాటడానికి ఏడాది పట్టింది.

దిగబోతుంటే చేపలావిడ నా కొంగు పట్టుకుంది. "మా ఆయనదీ కౌలేనండీ. మా ఆసామిగారు ఇక్కడ నరసాపురంలోనే ఉంటారు. ఓ మాట చెబుతారా?"

వీధి పేరు అడిగి తెలుసుకున్నాను. రేపు పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్దాం, ఈ రాసిన కాగితాలు సర్దవే చిన్నీ.