రంగు మారిన మాత్ర

తొంభైల మొదట్లో, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, మా ఇంటికంతటికీ ఒకటే మెడికల్ కార్డు. కార్డని పేరే గానీ అదొక చిన్న పుస్తకం. అట్ట మీద పేరు మా ఆయనది. ఆయన గూడ్సు బండి గార్డు. లోపల రెండో పేరు నాది. నా ఒంటి సంగతులన్నీ ఆ పుస్తకంలోనే ఉండేవి. మూడేళ్ళపాటు నేను దాన్ని తెరిచి చూడలేదు. ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నలభై రెండో ఏట నాకు గర్భసంచీ తీసేశారు, దాంతోపాటు అండాశయాలూ తీసేశారు. ఆపరేషనైన రెండు వారాలకే ఆవిర్లు మొదలయ్యాయి. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఛాతీలోంచి వేడి లేచి, మెడ మీదుగా నెత్తికెక్కేది. ఆ వెనకే చెమట, ఆ వెనకే చలి. అప్పటి డాక్టరమ్మ, ఒంట్లో ఆగిపోయిన హార్మోనునే మాత్రగా ఇస్తున్నానని, రోజుకొకటి తప్పకుండా వేసుకోమని చెప్పింది. నెల తిరిగేసరికి నేను మళ్ళీ మనిషినయ్యాను.

మా కాలనీలో మందులు తేవడం మగవాళ్ళ పని. లైను మీంచి, అంటే బండి డ్యూటీ నుంచి, వచ్చి రెస్టులో ఉన్న రోజున కార్డు జేబులో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్తారు. డాక్టరు ముందు కార్డు తెరిచి "వహీ దవాయీ, సాబ్" (పాత మందే) అంటారు. తమ బీపీ మాత్రలూ, పెళ్ళాం మాత్రలూ ఒకే సంచీలో వేసుకుని వస్తారు. ఆస్పత్రి తెరిచి ఉండే వేళకి నేను బడిలో ఉండేదాన్ని. కాలనీ పక్కనే చిన్న బడి. ఇంట్లో సగం హిందీ, వీధిలో మొత్తం హిందీ మాట్లాడే మన పిల్లలకి తెలుగు చదవడం నేర్పడం నా ఉద్యోగం. జీతం చెప్పుకోదగ్గది కాదు. కానీ పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని ఆ గేటులోకి అడుగుపెట్టినప్పుడు నేను ఫలానా గార్డుగారి భార్యను కాను, టీచర్ని. నాకు అది చాలు.

ఒక ఎండాకాలం మొదట్లో, కాగితం పొట్లంలో మాత్రలు వేరే రంగులో వచ్చాయి.

"ఇదేటండీ, రంగు మారింది?" అన్నాను.

"కంపెనీ మార్చేరేమోనే," అన్నారాయన, చెప్పులు విప్పుకుంటూ.

నమ్మాను. రైల్వే మందులు మింగే ఏ ఇల్లాలైనా నమ్ముతుంది. దగ్గు మందు ఒక ఏడాది ఎర్రగా ఉండేది, మరుసటి ఏడాది ఆకుపచ్చగా వచ్చేది. టెండరు మారితే రంగు మారుతుంది. మా కాలనీలో ఎవరూ దాని గురించి రెండో ప్రశ్న వేయరు. నేనూ వేయలేదు.

వానాకాలం వచ్చేసరికి ఆవిర్లు తిరిగొచ్చాయి. మొదట ఉక్కపోత అనుకున్నాను. తర్వాత నిద్ర పోయింది. తర్వాత కీళ్ళు పట్టేశాయి. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క చెమటకి జారిపోయేది. హాజరు పిలుస్తూ, నాలుగేళ్ళుగా ఎరిగిన పిల్ల పేరు గుర్తు రాక, నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఒకరోజు డస్టరు తీసి బల్ల మీద గట్టిగా కొట్టాను. ముందు బెంచీ పిల్ల ఏడ్చింది. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. వెనక వరండాలోకి వెళ్ళి నేనూ ఏడ్చాను.

మాత్ర మాత్రం ఒక్క పూటా మానలేదు. అందుకే నాకు భయమేసింది. మందు వేసుకుంటూ ఉండగానే ఇలా అవుతోందంటే, చెడింది నా బుర్రే అనుకున్నాను.

హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, మెత్తగానే, దసరా సెలవుల్లోగా ఏదో ఒకటి తేల్చుకోమంది. ఆ సాయంత్రమే మా ఆయన రాజీనామా ఉత్తరం రాసి పెట్టారు. ఇంగ్లీషులో, చక్కటి దస్తూరీతో. నా అనారోగ్యం వల్ల నేను నా ఇష్టపూర్వకంగా మానుకుంటున్నానట. సంతకానికి చోటు వదిలారు.

"మానియ్. నీవల్ల అవటం లేదు. మనకేటి తక్కువా?" అన్నారు.

ఆ కాగితం నాలుగు రోజులు రేడియో కింద ఉంది. అయిదో రోజు ఆయన లైను మీద ఉండగా, మాత్రలు అయిపోవచ్చాయని చూసుకుని, బడికి సెలవు చీటీ పంపి, మొదటిసారి నేనే కార్డు తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాను.

అక్కడ నేనెరగని డాక్టరమ్మ ఉంది. నా అవస్థంతా హిందీలో చెప్పాను. ఆమె కార్డు వెనక్కి తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది.

"ఏప్రిల్లో మీ డోసు సగానికి తగ్గించాను, మాత్ర రంగు మారింది అందుకే. రెండు నెలల్లో పేషెంటును తీసుకురమ్మని రాశాను. ఎందుకు రాలేదు?"

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

"మీవారే చెప్పారు కదా, మీకు అంతా ఆరాంగా ఉందని. ఇబ్బందులేమీ లేవంటే తగ్గించి చూద్దామన్నాను. సరేనన్నారు. ఇదిగో, రాసి ఉంది."

నిజంగానే రాసి ఉంది. భర్త చెప్పిన ప్రకారం బాగుంది, అని. నా ఒంటి గురించి, నేను లేని గదిలో, ఇద్దరు మనుషులు ఒక నిమిషంలో మాట్లాడుకుని సంతకం పెట్టుకున్నారు. వానాకాలమంతా నాకు పిచ్చెక్కుతోందని హడలిపోయింది నేను. రమ్మని రాసినా రాలేదని తిట్లు తింటున్నదీ నేనే. అరికాలి మంట నెత్తికెక్కింది. అది ఆవిరి కాదని ఆ క్షణంలో నాకు స్పష్టంగా తెలుసు.

"మీరు పేషెంటును చూడకుండా ఎలా తగ్గించారు?" అన్నాను.

డాక్టరమ్మ కార్డు బల్ల మీద పెట్టింది. తర్వాత "కూర్చోండి," అంది. వరసగా అడిగింది. బీపీ చూసింది. రొమ్ములు పరీక్ష చేసింది, మా అమ్మకీ అక్కలకీ గడ్డలేమైనా వచ్చాయేమో కనుక్కుంది. పాత డోసుకే వెళ్దామంది. ఒక్కరోజులో గుణం కనిపించదని, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమని చెప్పింది. ఇకముందు తగ్గించాల్సి వస్తే, మెల్లగా, నాకు చెప్పే తగ్గిస్తానంది. ఇవన్నీ కలిపి పావుగంట. ఏప్రిల్లో ఆ పావుగంట ఎవరికీ దొరకలేదు.

మా ఆయన లైను మీంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక కార్డు తెరిచి ముందు పెట్టాను. చదివారు.

"నీ మంచికే కదే. ఆ మాత్రలు ఎక్కువ రోజులు వాడితే కేన్సరొస్తాదని మా షెడ్లో ఎవరో అన్నారు. నీకు చెప్తే భయపడతావని చెప్పలేదు."

"కంపెనీ మార్చేరన్నారు."

"ఏదో అనీసేను."

నా మంచికే. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు చిర్రెత్తుకొస్తుంది. చెడు చేయాలనుకున్న మనిషిని నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. మంచి చేశాననుకునేవాణ్ణి ఏం చేస్తాం? రేడియో కింద కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి పొయ్యి దగ్గర పడేశాను. ఆయన దస్తూరీ నిజంగా బాగుంటుంది.

హెడ్‌మిస్ట్రెస్‌ని రెండు నెలల గడువు అడిగాను. మందు డోసు తప్పిందని ఉన్న సంగతి చెప్పాను. ఆవిడకీ యాభై దగ్గరపడుతున్నాయి. ఇంకేమీ అడగకుండా ఒప్పుకుంది. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. చలి మొదలయ్యేసరికి రాత్రి నిద్ర పట్టింది, పిల్లల పేర్లు నాలిక మీదికి వచ్చాయి. నేను ఏడిపించిన పిల్ల గుణింతాలు తప్పులేకుండా రాసి చూపించింది.

ఎనిమిది వారాలకి నేనే వెళ్ళాను. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగి, ఒక్కొక్కటే రాసింది. ఆవిర్లు తగ్గాయా, తగ్గాయి. నిద్ర, పడుతోంది.

"కోపం?"

"అది అలాగే ఉంది," అన్నాను. "అది ఈ మాత్రతో పోయేది కాదు. రాయకండి."

ఆ తర్వాత కార్డు నా చేతిసంచీలోనే ఉండిపోయింది. ఒక రెస్టు రోజున మా ఆయన అలమరా అంతా వెతికి వంటింట్లోకి వచ్చారు.

"కార్డేదే? నా బీపీ మాత్రలు అయిపోయేయి."

"నా దగ్గరుంది. రేపు నా మాత్రల కోసం సెలవు పెట్టాను, మీవీ తెస్తాను. డాక్టరు అడిగితే మీకు ఆరాంగా ఉందని చెప్తాను."

ఆయన మొహం ఎర్రబడింది.

"నా ఒంట్లో ఎలాగుందో నీకేటి తెలుసే? నువ్వెలా చెప్తావు?"

నేను చారుకి పోపు పెట్టి, గరిటె పక్కన పెట్టి, ఆయనకేసి చూస్తూ నిలబడ్డాను. తను అన్న మాట తనకే వినపడడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.