గొట్టానికో ఉండ, ఆయనకో ఉండ

అతుకులాయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్లు రాగి గొట్టాలకూ పాత్రలకూ అతుకులు వేసినవాడికి ఇంకో పేరెందుకు? మంట పెట్టి లోహపు తీగ కరిగిస్తే ఘాటైన పొగ లేచేది. ఆ పొగే పక్క బల్ల మేస్త్రి ఊపిరితిత్తులను తినేసింది. మంచాన పడ్డ మేస్త్రిని చూసొచ్చిన రోజునుంచీ అతుకులాయన భార్యకు కంటిమీద కునుకు లేదు.

ఆవిడ డాబా మీద తేనెటీగలను పెంచేది. ఈగలు తమ పెట్టె సందులు పూడ్చుకునే నల్లటి జిగురును గీకి, బఠాణీగింజంత ఉండ చేసి, రోజూ పొద్దున్నే మొగుడి నోట్లో వేసేది. "ఛాతీకి మంచిది, నమలండి. మా నాన్న చెప్పాడు."

"మీ నాన్న ఈగలకు డాక్టరా?" అంటూనే ఆయన నోరు తెరిచేవాడు. పరమ చేదు. పళ్లకు పట్టుకుంటే ఓ పట్టాన వదిలేది కాదు. బుగ్గన దాచుకుని దుకాణం దాకా వెళ్లి ఉమ్మేసేవాడు. ఒకరోజు ఉమ్మబోతూ, పొగగొట్టం గోడలోకి దూరేచోట సందులోంచి పొగ వెనక్కి రావడం చూశాడు. అతుకులు వేసేవాడి కళ్లు కదా, ఊరుకోలేదు. ఉండను బొటనవేలితో అక్కడ అదిమాడు. మర్నాడు దాని పక్కనే ఇంకోటి. ఇంట్లో మాత్రం "అబ్బ, నీ మందుతో గుండెల నిండా గాలి ఆడుతోందే!" అని కోతలు కోసేవాడు. పాపం, ఆవిడ మురిసిపోయేది.

మూడేళ్లు ఇలా సాగింది. ఓ మధ్యాహ్నం ఆయన మర్చిపోయిన అన్నం డబ్బా పట్టుకుని ఆవిడ దుకాణానికి వచ్చింది. గొట్టం చుట్టూ వేలిముద్రలతో నల్లటి జిగురు కంటబడింది. ఈగల్ని పెంచిన మనిషికి ఒకరు చెప్పాలా? అతుకులాయనకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ డబ్బా బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు ఆవిడ అరచేతిలో రెండు ఉండలున్నాయి. "ఇది గొట్టానికి. ఇది మీకు. నా ఎదురుగా నమిలి, నోరు తెరిచి చూపించి మరీ కదలండి."

అక్కణ్నుంచి ఇరవై ఏళ్లు చంటిపిల్లాడిలా నోరు తెరిచి చూపించాడు. 'నువ్వన్నదే నిజం' అని మాత్రం ఒక్కసారీ అనలేదు. అంటే నెత్తికెక్కుతుందని భయం! ఎంత బాగుండేవో ఆ పొద్దుటిపూట తగవులు. ఆవిడ పోయి రెండేళ్లయింది.

మొన్న ఛాతీ పరీక్ష చేయించి తీసుకొస్తూ కూతురు చెప్పింది. "నీ ఊపిరితిత్తులు బాగున్నాయట నాన్నా. అన్నట్టు, లోహపు విషంతో పాడైన ఎలకల ఊపిరితిత్తుల్ని అమ్మ పెట్టిన జిగురులాంటిదే కొంత కాపాడిందట, ఎక్కడో చదివాను. మనుషుల సంగతి ఇంకా తేలలేదులే."

"మరి నన్ను కాపాడింది తిన్న ఉండా, గొట్టానికి పెట్టిన ఉండా?"

"రెండూ అమ్మ చేతివే కదా," అంది కూతురు.

ఇంటికొచ్చి వంటింటి అల్మరాలోంచి ఆవిడ ఉండల డబ్బా తీశాడు. అడుగున రెండు ఉండలు ఎండిపోయి మిగిలున్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాడు. అదే చేదు. దుకాణం ఎప్పుడో పడగొట్టేశారు, రెండోదానికి గొట్టం లేదు. దాన్ని గుప్పిట్లో పట్టుకునే మొదటిదాన్ని చివరిదాకా నమిలాడు.

"నువ్వన్నదే నిజం," అన్నాడు ఖాళీ వంటింట్లో. నోరు తెరిచి చూపించాడు.