మొక్కలకు మంచినీళ్ళు

తాగే నీళ్ళు నేలమీద ఒలికితే కొల్లేటి లంకల్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. చుట్టూ కనుచూపు మేరా నీళ్ళే గాని, గొంతు దిగేవి మాత్రం టిన్నుల్లో ఆటో మీద రావాలి. కైకలూరు అవతల అలాంటి లంకలోనే మమత పుట్టింది. గ్లాసు అడుగున మిగిలిన గుక్కను కూడా పారబోయకుండా తాగేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, చూసి అబ్బింది. తండ్రి కొండయ్య చేపల చెరువు మీద పని చేసేవాడు. తల్లి పెద్దింటమ్మ పెరట్లో బచ్చలి తీగ ఒకటి పెంచింది. దానికి గిన్నెలు కడిగిన నీళ్ళే ఆధారం. తీగ పందిరంతా కమ్ముకుంది.

ఇంటరయ్యాక మమతకు వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో సీటొచ్చింది. అదే సమయంలో కైకలూరులో చేపల మేత కొట్టు నడిపే అమరేశ్వరరావుగారు, కంప్యూటరు మీద బిల్లులు కొట్టడానికి పిల్లను పంపమని కబురు పెట్టారు. కొండయ్య రెండు మాటలూ కూతురి ముందే ఉంచాడు.

"ముందు చదువులో చేరి చూడమ్మా. నచ్చకపోతే ఒక్క ఫోను చెయ్యి, వచ్చి తీసుకొచ్చేస్తాను. దసరా దాకా ఆగుతానన్నారు ఆయన."

చేరిన కొద్ది రోజులకే మమతకు తాను దారి తప్పి వచ్చాననిపించింది. తోటి పిల్లలంతా తోటల్లో పెరిగినవాళ్ళు. హాస్టల్లో పక్క మంచం అఖిలది నల్లజర్ల. కోకో, పామాయిలు, మిరియాల తీగ అంటూ చుట్టాల పేర్లు చెప్పినట్టు చెప్పేది. మమతకు ఎర్రమట్టి కాళ్ళకు అంటడమే కొత్త. ప్రాక్టికల్‌కు ఒక్కొక్కరికి ఒక ప్రోట్రే ఇచ్చి టమాటా నారు పెంచమన్నారు. గుంటలు గుంటలుగా ఉండే ఆ ప్లాస్టిక్ పళ్ళెంలో కొబ్బరిపొట్టు నింపి విత్తనాలు వేస్తూ, మనసులో ఒక మాట అనుకుంది: ఈ నారు నిలబడితే ఉంటాను, లేకపోతే ఇంటికి.

పొట్టులో ఉన్న తడికే విత్తనాలు చక్కగా మొలిచాయి. చిక్కు నీళ్ళ దగ్గర వచ్చింది. ట్రేలకు ఎండ తగలకుండా వల కట్టిన షేడ్‌నెట్ కింద పంపు ఉంది. తిప్పి, అలవాటుగా దోసిట పట్టి రుచి చూసింది. తియ్యటి నీళ్ళు! తాగే నీళ్ళను పళ్ళెంలో పారబోయడానికి ఆమెకు చేతులు రాలేదు. ఇంట్లో బచ్చలి తీగ గుర్తొచ్చింది. ఆ సాయంత్రం నుంచి, అందరూ వెళ్ళాక, హాస్టల్లో గిన్నెలు కడిగిన నీళ్ళు బకెట్టుతో తెచ్చి పోయసాగింది. ఎవరైనా చూస్తే నవ్వుతారని భయం. దాంతో ఎవరూ వద్దని చెప్పే అవకాశం కూడా లేకపోయింది.

ఆకుల అంచులు మాడాయి. తర్వాత మొలకలు ఒక్కొక్కటే తలవాల్చాయి. ట్రేలు చూడవచ్చిన విజయదుర్గ మేడమ్ మమత దగ్గర ఆగారు.

"ఏం పోశావమ్మా?"

"నీళ్ళేనండీ."

మేడమ్ కొబ్బరిపొట్టు చిటికెడు తీసి వాసన చూశారు. "నిమ్మకాయ వాసన వస్తోందేంటి?"

"ముందే పులుపు కలిపేసిందండీ మేడమ్, ఏకంగా చారు కాచేస్తుందేమో!" అంది అఖిల. క్లాసంతా నవ్వింది. మమత తలెత్తకుండానే జరిగింది చెప్పింది.

మేడమ్ మాత్రం నవ్వలేదు. "మీ ఇంట్లో గిన్నెలు దేంతో తోముతారు?"

"ఊకబూడిదతోనండీ."

"అదీ సంగతి. ఆ నీళ్ళు వేరు, ఈ నిమ్మకాయ సబ్బు నీళ్ళు వేరు. లేత వేరుకి సబ్బు పడదమ్మా. మళ్ళీ విత్తుకో."

కొత్త ట్రే చేతికొచ్చింది గాని, ఆ సాయంత్రమే మమత తండ్రికి ఫోను చేసింది. "వచ్చెయ్యి నాన్నా. ఈ చదువు నావల్ల కాదు."

"అలాగేనమ్మా. చెరువులో చేపల పట్టుబడి నడుస్తోంది, పది రోజుల్లో అన్నీ లారీ ఎక్కించేసి వస్తాను."

వెళ్ళిపోయేదాన్ని నాకెందుకని మమత ట్రే పక్కన పడేస్తే అఖిల ఊరుకోలేదు. "పోయేదానివి పోవే, ఎవరొద్దన్నారు? నాన్నగారొచ్చేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూచుంటావా? విత్తు!"

విత్తింది. ఈసారి పంపు కిందే క్యాను పట్టింది. మొదటి రోజు నీళ్ళు పోస్తుంటే దొంగతనం చేస్తున్నట్టే అనిపించి, తల్లి ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు మాటిమాటికీ తలెత్తి చూసుకుంది. రెండో రోజు ఒక్కసారే చూసుకుంది. మొలకలు కనిపించాక ఆ సంగతే మరిచిపోయింది.

పట్టుబడి అయ్యాక కొండయ్య ఏలూరు మీదుగా తాడేపల్లిగూడెం వచ్చి, అక్కడి నుంచి ఆటో ఎక్కి విశ్వవిద్యాలయం దగ్గర దిగాడు. దారి అడుగుతూ షేడ్‌నెట్ దగ్గరకొచ్చేసరికి కూతురు ట్రే మీద చేత్తో నీళ్ళు చల్లుతోంది. పక్కన పంపులోంచి క్యానులోకి ధార పడుతోంది. ఒక చుక్క వేలితో నాలిక్కి రాసుకున్నాడు.

"అయ్యయ్యో, మంచినీళ్ళమ్మా!" అంటూ పంపు కట్టేయబోయాడు.

"ఉండు నాన్నా, కట్టకు! మొలకకి ఇప్పుడే కావాలి. ఉప్పు తగిలినా, సబ్బు తగిలినా మాడిపోతుంది. అలాగని ఎక్కువ పోసినా కుళ్ళే. ఇదిగో, ఈ పొట్టు గుప్పిట్లో పిసుకు. నీళ్ళు కారకూడదు, ముద్ద విడిపోకూడదు."

కొండయ్య బుద్ధిగా పిసికాడు. గుప్పిట విప్పి చూశాడు. ముద్ద అలాగే ఉంది.

"ఇలాగేనా?"

"ఆఁ, ఇలాగే."

"మరి మన పెరట్లో టమాటా వెయ్యాలంటే? ఇన్ని మంచినీళ్ళు మనకెక్కడివమ్మా?"

"వాననీళ్ళు పట్టుకుని బొట్టుబొట్టుగా ఇవ్వాలి నాన్నా. అదెలాగో నాకింకా సరిగ్గా తెలీదు. రెండో ఏడాదిలో చెప్తారంట, అప్పుడు..."

మమత నాలుక కరుచుకుంది. కొండయ్య కూతురి ముఖంలోకి చూసి, వచ్చే నవ్వును మీసం కింద అదిమిపెట్టుకున్నాడు.

"పెట్టె సర్దావా అమ్మా?"

"లేదు" అంది చిన్నగా.

"సరేలే. నీళ్ళు పోసుకో."

చేతులు తుడుచుకుంటూ బయటికి నడిచి, గట్టు మీద నిలబడి ఫోను తీశాడు.

"ఏవండీ అమరేశ్వరరావుగారూ, కొండయ్యనండీ. మీరు ఆ పనికి వేరే ఎవరినైనా చూసుకోండి. మా అమ్మాయి రాదండీ... అబ్బే, ఒంట్లో బాగానే ఉందండీ. రెండో ఏడాది పాఠమేదో ఉందటండీ, అది వినాలంట."