రత్నాబాయి అత్త, గోడలోంచి వచ్చే అల్లుడు

మా రత్నాబాయి అత్త టీవీ చూసేది కాదు, టీవీతో మాట్లాడేది. తనలో తాను గొణుక్కోవడం కాదు. ఎదురింటివాళ్లతో మాట్లాడినట్టు గొంతెత్తి, చెయ్యి తిప్పి, అవతలివాళ్లు జవాబివ్వకపోతే కోపం తెచ్చుకుని మరీ మాట్లాడేది. ఆ ఎనభైల్లో బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో, వరస గదుల మా చాల్ మొత్తానికి ఉన్నది ఒక్కటే టీవీ, అది శంకర్రావు కాకది. కాబట్టి అత్త మాటలు వినకుండా టీవీ చూసే భాగ్యం మాలో ఎవరికీ దక్కలేదు.

వార్తలు చదివే అమ్మాయి నమస్కారం పెడితే అత్త తిరిగి నమస్కారం పెట్టి, తిన్నావా బిడ్డా అని అడిగేది. వాతావరణం చెప్పే ఆయన వానలు లేవన్న మర్నాడు వాన పడితే, సాయంత్రం ఆయన కనబడేదాకా కాచుకుని కూర్చునేది. ఆయన తప్పించుకునే మార్గం లేదు. రోజూ అదే వేళకు రావాలి కదా.

అయితే ఆమె ప్రాణమంతా గురువారం సాయంత్రం వచ్చే 'కాలేజ్ కే ఉస్ పార్', అంటే 'కాలేజీకి అవతల' అనే హిందీ సీరియల్ మీద ఉండేది. కొండమీద ఒక కాలేజీ. అందులో నైనా అనే పదిహేడేళ్ల పిల్ల. ఆమెకు అప్పుడప్పుడు ఒళ్లు తెలియకుండా పోయి, నోట్లోంచి ఎవరిదో గొంతు వస్తుంది. ఆమెను ఇద్దరు ప్రేమిస్తారు. అశోక్ బతికున్నవాడు. సమీర్ ఎప్పుడో ఆ కాలేజీ బావిలో పడి చచ్చిపోయి, ఇంకా క్లాసులకు వస్తూనే ఉన్నవాడు. హాజరు విషయంలో మాత్రం వాడికి వంక పెట్టలేం.

అత్త సమీర్ పార్టీ. వాడు మంచిగా ఉన్న వారం 'అల్లుడు' అనేది. నైనాను ఏడిపించిన వారం 'సచ్చినోడా' అని తిట్టేది. వాడు నిజంగానే సచ్చినవాడు కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వాడు గోడలోంచి వచ్చినప్పుడల్లా మాత్రం అత్తకు ఒళ్లు మండేది.

"తలుపు ఉన్నది గదరా. మనిషోలె రారాదు?"

మా పక్కగది కిష్టమ్మది అశోక్ పార్టీ. ఉద్యోగం లేకపోయినా ఊపిరైనా ఉందిగా అని ఆమె వాదన. దానికి అత్త, ఊపిరి ఉన్నోళ్లను ఈ చాల్‌లో చాలామందిని చూశానని, సమీర్ మొదటి వారానికీ ఇప్పటికీ ఎంత మారాడో కళ్లుంటే తెలుస్తుందని అనేది. నైనాను ఎవరికిచ్చి పెళ్లి చెయ్యాలన్న మాట మీద ఇద్దరూ ఒక శ్రావణమాసమంతా మాట్లాడుకోలేదు. నల్లా దగ్గర ఒకరికొకరు చెప్పాల్సినవి నాతో చెప్పించేవాళ్లు. ప్రెస్సులో పనికి వేళవుతున్నా బకెట్ పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడేవాణ్ని.

ఇలా ఉండగా ఒక పొద్దున ఆ నల్లా దగ్గరే సులోచన పడిపోయింది. రంగులేసే మేస్త్రీ రాజమల్లు కూతురు, పదో తరగతి. చేతులూ కాళ్లూ కొట్టుకుని, కాసేపటికి లేచి, ఏమైందో తెలియక అందరి మొహాలూ చూసింది. మర్నాటికల్లా మా చాల్ తీర్పు చెప్పేసింది. గురువారం గురువారం దయ్యాన్ని ఇంట్లోకి పిలిస్తే అది టీవీలోనే ఎందుకుంటుంది అని కిష్టమ్మ మొదలుపెట్టింది. మిగతావాళ్లు అందుకున్నారు. వర్లి నుంచి ఒక భూతవైద్యుడు నిమ్మకాయలతో వచ్చాడు. రాజమల్లు భయపడి పిల్లను బడి మాన్పించి గది తలుపు మూశాడు. రోజూ జడ పట్టుకుని తిరిగిన స్నేహితురాళ్లు ఆ తలుపు ముందునుంచి పరుగెత్తడం మొదలుపెట్టారు.

అత్త ఈ గొడవ గురించి ఒక్క మాటా అనలేదు. ఆమె మాట్లాడకపోవడమే మాకు కొత్త. దర్జీ దుకాణం నుంచి తెచ్చిన చొక్కాల మూట చంకన పెట్టుకుని వెళ్లి రాజమల్లు గడపలో కూర్చుంది. గుండీలు కుడుతూ తన కష్టం చెప్పుకుంది. సీరియల్‌లో వాళ్లు మాట్లాడే గట్టి హిందీ తనకు అర్థం కావడం లేదట. సులోచన బడిలో హిందీ చదివింది కనుక, పక్కన కూర్చుని తెలుగులో చెబితే పుణ్యం ఉంటుందట. ఇన్నేళ్లలో ఎవరినీ ఒక్క ముక్క చెప్పనివ్వని మనిషి ఈ మాట అనడం విని వరండా అంతా నోరు తెరిచింది. రాజమల్లు కుదరదన్నాడు. ఆమె గుండీలు కుడుతూనే ఉంది.

"దయ్యం కాడికి తీస్కపోతలేను రాజమల్లూ, టీవీ కాడికి తీస్కపోతున్న," అంది చివరికి.

గుండీలైపోయినా ఆమె కదలదని అర్థమై రాజమల్లు తలూపాడు.

ఆ గురువారం సులోచన శంకర్రావు కాక గదిలోకి రాగానే ఆడవాళ్లంతా గోడకు జరిగారు. అత్త ఆ ఖాళీలో కాళ్లు బారజాపుకుని, బొంబాయిలో ఇంత జాగా ఎవరిస్తారు అంది. సీరియల్ మొదలైంది. పిల్ల నెమ్మదిగా చెప్పడం, అత్త నోరు మూసుకుని వినడం. ఆ గదిలో మొదటిసారి టీవీ గొంతు వినబడింది. సమీర్ గొంతు అంత బాగుంటుందని మాకు అప్పుడే తెలిసింది.

ఆ వారం నైనా లైబ్రరీలో పడిపోయి లేచింది. పిల్ల చెప్పడం ఆపేసింది. తర్వాత మెల్లగా అంది.

"ఆమెకు దయ్యమంటే భయం లేదత్తా. లేచినంక అందరు ఎట్ల చూస్తరో అని భయం."

గోడకు జరిగినవాళ్లలో ఒకరిద్దరు ఇవతలికి జరిగారు.

మర్నాడు అత్త తండ్రినీ కూతుర్నీ బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ లైన్‌లో ముందుకు దూరినవాడితో ఆమె మాట్లాడిన హిందీ గురించి రాజమల్లు వచ్చి చెబితే మేం నమ్మలేదు. అంత శుద్ధమైన హిందీ దూరదర్శన్‌లో కూడా రాదట. పెళ్లికి ముందు ఏదో హిందీవాళ్ల బంగళాలో ఆయాగా ఉండేదట. మరి సీరియల్ అర్థం కాలేదని ఎందుకు చెప్పిందో ఎవరం అడగలేదు. అడిగితే మళ్లీ టీవీతో మాట్లాడటం మొదలుపెడుతుందేమోనని మా భయం.

డాక్టర్ అది మూర్ఛ అన్నాడు. రోజూ మాత్రలు వేయాలని, కుదురుకోవడానికి కొంత కాలం పడుతుందని, బడికి పంపమని చెప్పాడు. నిమ్మకాయలాయన మళ్లీ వస్తే అత్త ఆ కాయలు తీసుకుని అందరికీ షర్బత్ కలిపింది.

మాత్రలు ఇంకా కుదురుకోకముందే, ఒక గురువారం సీరియల్ మధ్యలో సులోచన పక్కకు ఒరిగిపోయింది. గదిలో తొక్కిసలాట. ఎవరో చెప్పు వాసన చూపించబోయారు. కిష్టమ్మ తాళంచేతుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టబోయింది.

"తాళంచేతులు దేనికి? పిల్లకు గొళ్లెం పెట్టినమా?" అని అత్త ఆమెను పక్కకు నెట్టింది. డాక్టర్ చెప్పినట్టే పిల్లను ఒక పక్కకు తిప్పి, తల కింద తన కొంగు మడిచి పెట్టి, అలాగే కూర్చుంది. తర్వాత తలెత్తి మమ్మల్నందరినీ ఒక చూపు చూసింది. లేచాక పడే చూపుల గురించి పిల్ల అన్న మాట ఆ గదిలో అందరికీ గుర్తుంది. తలుపు దాకా పోయినవాళ్లు తిరిగి వచ్చి ఎవరి జాగాలో వాళ్లు కూర్చున్నారు. అందరం టీవీ వైపు మొహాలు పెట్టుకున్నాం.

కాసేపటికి సులోచన కళ్లు తెరిచి, ఏమైందత్తా అంది.

"ఏమైతది? అల్లుడు మళ్ల మాట తప్పిండు," అంది అత్త.

కిష్టమ్మ అందుకుని, మాట తప్పలేదని, అశోక్ వచ్చి అడ్డుపడ్డాడని చెప్పింది. ప్రిన్సిపాల్ బావి పూడ్పిస్తున్నాడని నేనన్నాను. ఇంకెవరో నైనాకు పరీక్షలో ఫస్టు వచ్చిందన్నారు. తలా ఒక కథ చెప్పాం, ఒకరిది ఒకరికి కలవలేదు.

సులోచన లేచి కూర్చుని ఒక్కొక్కరి మొహమే చూసింది. ఎవరి కళ్లూ ఆమె మీద లేవు. తను పడ్డది ఎవరూ చూడలేదా అని అడిగింది. ఎప్పుడూ నవ్వని శంకర్రావు కాక గంభీరంగా గొంతు సవరించుకున్నాడు.

"ఎవరికి తీరికున్నది బిడ్డా? అందరం టీవీ చూస్తున్నం."

పిల్ల టీవీ వైపు తిరిగింది. తొక్కిసలాటలో ఎవరి కాలో తగిలి వైరు ఊడిపోయిందని, ఎప్పటినుంచో మేమంతా నల్లటి తెరను కళ్లార్పకుండా చూస్తున్నామని మాకు అప్పుడు తెలిసింది.

సులోచన పెదవులు బిగబట్టింది, ఆగలేక పకపకా నవ్వేసింది.

"దయ్యాల సీరియల్ గదా బిడ్డా," అంది అత్త, "చీకట్లనే ఉంటది."