నాలుగో పేజీ

నేను కొల్లేరు గట్లకు పోసిన మట్టిని కూలి లెక్క కోసం కొలిచేవాణ్ణి. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. భిన్నాలు, ఘనపుటడుగులు గట్టు మీదే నేర్చుకున్నాను. ఏలూరు మిషన్ స్కూలు మాస్టారు ఇచ్చిన పుస్తకాలతో ఇంగ్లీషు కూడబలుక్కున్నాను.

పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో ఆయన అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి ఇచ్చారు. ఐర్లండులో ఒక ప్రభువుల కుటుంబం రెండు శతాబ్దాలపాటు చేసిన రాజకీయాల, యుద్ధాల కథ అది. చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ఒకే తరంలో ఆ ఇంటి తమ్ముడు ఫ్రాన్సు రాజు సైన్యంలో ఉన్నాడు, అన్న ఇంగ్లండు రాజు కొలువులో ఉన్నాడు. అచ్చుతప్పనుకుని పెన్సిలుతో సున్న చుట్టాను. తరవాత వంశవృక్షం గీసి, ఒక్కొక్కరి వయసు, కొలువు పక్కపక్కన వేసుకుంటే పుస్తకం తప్పు కాదని తేలింది.

కారణం కూడా అందులోనే ఉంది. కాథలిక్కు ప్రభువు చనిపోతే భూమి కొడుకులందరికీ సమానంగా చీలాలని ఇంగ్లండు పాలకులు చట్టం పెట్టారు. పెద్దకొడుకు రాజుగారి ప్రొటెస్టెంటు మతం పుచ్చుకుంటే మాత్రం మొత్తం అతనిదే. ఇంటికి ముగ్గురేసి కొడుకులనుకుంటే మనవల నాటికి ఒక్కొక్కరికి దక్కేది తొమ్మిదో వంతు. అందుకని అన్న మతం మారి భూమి నిలబెట్టాడు, తమ్ముడు కత్తి పట్టి పేరు నిలబెట్టాడు.

తాడేపల్లిగూడెం రీడింగు రూములో ఆదివారాలు ఉపన్యాసాలుండేవి. అప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా ప్లీడర్లు, బి.ఏ.లు. మాస్టారి సిఫారసుతో నాకూ ఒక వంతు వచ్చింది. నలభై ఏళ్లు దాటాక దొరికిన ఆ అరగంట నాకు చాలా పెద్దది.

అక్కడి ప్రెసిడెంటు ఖద్దరు కట్టే ప్లీడరుగారు. ఆయన అన్నగారు సర్కారు పక్షం మనిషి. ఇద్దరిదీ ఇంకా ఉమ్మడి ఆస్తే. ఆ సంగతి గూడెంలో తెలియనివారు లేరు. ఆ ఐర్లండు పుస్తకం మీద నేను రాసుకున్న ఉపన్యాసం కాగితాలు శనివారం సాయంత్రం ఆయన చూశారు.

"ఏవండీ, బాగానే రాశారు గానీ ఈ నాలుగో పేజీ ఎందుకండీ? దేశం కోసం యుద్ధం చేసినవాళ్లు. ఆ ముక్క చెప్పండి, చాలు."

"అది మొదటి మూడు పేజీల్లో చెప్పానండి."

"అన్నదమ్ములు చెరో పక్కన ఉండి ఆస్తి కాపాడుకున్నారంటే జనం ఏవనుకుంటారు?"

"ఐర్లండు గురించి అనుకుంటారండి."

ఆయన నవ్వలేదు. "మట్టి కొలిచేవారు మట్టి కొలుచుకోవాలండి. ఆ పేజీ తీసేస్తేనే రేపు మీ వంతు."

మర్నాడు నిండిన గదిలో, నేను లేవగానే ప్లీడరుగారు అడిగారు.

"తీశారా?"

"తియ్యలేదండి."

"అయితే కూర్చోండి."

నేను కూర్చోలేదు. వెనక బెంచీ మీంచి పెంటపాడు రైతు ఒకాయన గట్టిగా అన్నాడు: "ఏం పేజీ అండీ అది? తియ్యమన్నదేదో అదే ముందు చదవమనండి, వింటాం!"

గదంతా గొల్లున నవ్వింది. ప్లీడరుగారు చెయ్యెత్తారు గానీ నవ్వు ఆగలేదు. నేను నాలుగో పేజీయే మొదలుపెట్టాను.

తొమ్మిదో వంతు దగ్గరికి వచ్చేసరికి ఆ రైతే మళ్లీ అడిగాడు. "అయితే తప్పెవరిదండీ?"

"ఇల్లు చీలాలని చట్టం రాసినవాళ్లది మొదటి తప్పండి. ఆ చట్టం కింద బతకడానికి ఆ అన్నదమ్ములు దారి వెతుక్కున్నారు. కానీ వాళ్ల వెంట యుద్ధానికి వెళ్లిన కౌలు రైతులకు రెండో పక్షం లేదండి. ఓడితే పోవడమే. ఈ పుస్తకంలో ప్రభువుల పేర్లు వేళ్లు మడిచి లెక్కపెట్టాను, నూటికి పైగా ఉన్నాయి. ఆ రైతుల పేరు ఒక్కటీ లేదండి."

ప్లీడరుగారు కండువా సర్దుకుని బయటికి వెళ్లిపోయారు. మిగిలిన మూడు పేజీలూ ఆయన ఖాళీ కుర్చీ పక్కనే నిలబడి చదివాను.

మరుసటి వారం మెంబర్ల పట్టీలో నా పేరు కొట్టేశారు. క్షమాపణ రాసిస్తే మళ్లీ చేర్చుకుంటామని మాస్టారి చేత కబురంపారు. రాయలేదు. లెక్కలో ఎక్కడ తప్పిందో చూపిస్తే దిద్దుకుంటానని మాత్రం రాశాను.